మరమనిషి భాగోతం

ఆ రోజుల్లో మాకు భవిష్యత్తు వనపర్తిలో ఉండేది. గద్వాలలో బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, సంత రోజైతే పెబ్బేరులో ఎడ్లకు దారిచ్చి దారిచ్చి, చివరికి వనపర్తిలో దిగితే, బస్టాండు వెనక సందులో రేకుల కప్పు కింద ఒక వీడియో సెంటరు ఉండేది. ఇంకో వందేళ్లకు ప్రపంచం ఏమైపోతుందో అందులో రోజుకు మూడు ఆటలు చూపించేవారు. ఇప్పటి పిల్లలకు భవిష్యత్తు అంటే పరీక్షలు, ఉద్యోగాలు. మాకు భవిష్యత్తు అంటే నల్లటి ఆకాశం, కూలిన మేడలు, ముఖానికి అద్దం బిగించుకున్న పోలీసులు, ఎవరితోనూ మాట్లాడకుండా పెద్ద తుపాకీ మోసుకు తిరిగే ఒక వీరుడు. అంత భయంకరమైన లోకాన్ని చూసి బయటికి వచ్చాక, సందు చివర బండి మీద మిర్చీలు వేగుతున్న వాసన తగిలితే ప్రాణం లేచొచ్చేది. లోకం ఇంకా మునిగిపోలేదని అదే మాకు సాక్ష్యం.

ఆ వీడియో సెంటరు నడిపేది మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ. అందరూ అతన్ని క్యాసెట్ అని పిలిచేవాళ్లు. సినిమాలన్నీ ఇంగ్లీషువి. చూసేవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అందుకని బావ చేతిలో సన్నటి బెత్తం పట్టుకుని టీవీ పక్కన నిలబడి కథ చెప్పేవాడు. బావకు ఇంగ్లీషు నాకు వచ్చినంతే వచ్చు (నేను ఇంటరులో తప్పిన మూడింట్లో ఇంగ్లీషు ఒకటి). అయినా ఎక్కడా తడుముకునేవాడు కాదు. "గీ కోటేసుకున్నోడున్నడు సూడుండ్రి, వీడే దొర. దునియల ఉన్న నీళ్లన్ని గోడ లోపట దాసుకుండు. బయిటోళ్లకు దినాం ఒక్క చెంబు. గీ అద్దం మూతులోళ్లు మనుషులు గారు, మరమనుషులు. దొర ఎట్ల జెప్తె గట్ల జేస్తరు. మన హీరో సగం మనిషి, సగం ఇనుము. జర ఓపిక పట్టుండ్రి, గిప్పుడొస్తడు" అని బెత్తంతో చూపించేవాడు. సరిగ్గా అప్పుడే హీరో వచ్చేవాడు. పెబ్బేరు సంత ముగించుకుని వచ్చిన బేరగాళ్లు ముందు వరుసలో కూర్చున్న రోజైతే, హీరో కోపానికి కారణం మారిపోయేది. "వీని ఎడ్లు అమ్మి గీ మోటరుసైకిలు కొనుక్కుండు. గది గూడ గుంజుకున్రు. మరి కోపం రాదా" అనేవాడు బావ. బేరగాళ్లు తలలూపేవారు. వాళ్లకు ఆ తరువాత ఎన్ని తుపాకులు పేలినా అన్యాయం అనిపించేది కాదు.

ఆ నీళ్ల దొర సినిమాను నేను ఏడుసార్లు చూశాను. బావ చెప్పిన కథ ఏడుసార్లూ ఏడు రకాలుగా ఉంది. ఎనిమిదో రకం నా తలలో పుట్టింది. ఇలాంటి కథను తెలుగులో తీస్తే ఎట్లా ఉంటుంది అన్న ఆలోచన ఒకసారి వచ్చాక నాకు అన్నం సహించలేదు. నేను చూసిన తెలుగు సినిమాల్లో మరమనిషి లేడు. దానికి నాకు తోచిన కారణం ఒకటే. మద్రాసులో ఉన్న సినిమావాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియదు. వాళ్లకు చెప్పేవాడు కావాలి. ఆ చెప్పేవాడు బస్సుకు ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ నా గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా నాయన మగ్గం వదిలేసి నాగర్‌కర్నూలులో ఒక ఆఫీసులో అటెండరు పనిలో చేరాడు. నేను ఇంటరు తప్పగానే, "వీనికి కాయిదాలు అచ్చిరాలేదు, పోగులన్న అచ్చొస్తయేమో" అని నన్ను గద్వాలకు, ఆయన అన్న దగ్గరికి పంపాడు. మా పెద్దనాయన నేసిన చీర చూస్తే, చీర నడిమి నూలు ఎక్కడ ముగిసిందో పట్టు అంచు ఎక్కడ మొదలైందో వేలితో తడిమి కనిపెట్టడం కష్టం. అంత చక్కగా కలిపేవాడు. మగ్గం పని లేనప్పుడు ఆయన భాగోతంలో రాజు వేషం కట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఆయన రాజుగా తెర వెనక నుంచి గొంతెత్తితే పసిపిల్లలు పాలు తాగడం ఆపేవారట (ఇది మా పెద్దమ్మ చెప్పిన మాట, ఆమెకు మొగుడంటే అంత అభిమానం). సినిమాలంటే మాత్రం ఆయనకు గిట్టదు. "తెర మీది మనిషికి శెమట వట్టదు. శెమట వట్టనోడు ఏం ఆడినట్టు" అనేవాడు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, నేను మద్రాసు పోతానని చెప్పాను.

ఆయన మగ్గం గుంతలో కూర్చుని కాళ్ల కింది పావు చెక్కలు తొక్కుతూనే విన్నాడు. నీళ్ల దొరను, గోడను, అద్దం ముఖాల వాళ్లను, సగం ఇనుము మనిషిని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెప్పేటప్పుడు బావ బెత్తం లేని లోటు నాకు బాగా తెలిసింది.

"గిదంత ఎవనికి జెప్తవురా?" అన్నాడు ఆయన.

"సినిమోళ్లకు పెద్దనాయినా."

"వాళ్లకు తెల్వదా?"

"నాకు తెల్సినంత తెల్వదు."

ఆయన నవ్వలేదు. పోగు విసిరే నాడె పక్కన పెట్టి నా వైపు చూశాడు. "సరే. మద్రాసోళ్లకు జెప్పేటందుకు ముందుగాల మనోళ్లకు జెప్పు. వచ్చే అమాసకు అమరచింతల ఆడుదం. రాజు ఏషం నేనే కడ్త. జనం మంగళారతి దాంక కూసున్నరనుకో, నేనే బస్సెక్కిస్త. నడుమల లేశి పోయిన్రనుకో, మద్రాసు మాట మల్ల ఎత్తొద్దు. గుంతల కూసోని బుద్ధిగ మగ్గం నేర్సుకో" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో మనిషికి జనం లేచిపోతారన్న అనుమానం రాదు.

అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ముట్టరు. నేతవాళ్లందరికీ అది సెలవు దినం కాబట్టి, చూసేవాళ్లకు కొదవ లేదు. అమరచింత మా పెద్దమ్మ పుట్టిన ఊరు కాబట్టి, పందిరికీ చాపలకూ కొదవ లేదు. రాత్రి కరెంటు ఉంటుందో పోతుందో చెప్పలేం కనుక పగటిపూటే, నాలుగు గంటలకు మొదలుపెట్టి పొద్దు గూకేలోగా ముగించాలని అనుకున్నాం. ఇంగ్లీషు సినిమాను భాగోతంగా మార్చడం అంత తేలిక కాదని మొదటి రిహార్సల్లోనే తెలిసింది. నా కథలో నీళ్ల దొరే రాజు, కోటు వేసుకుంటాడు. పెద్దనాయన కోటు వద్దన్నాడు. "రాజన్నంక భుజకీర్తులు లేకుంటె ఎట్లరా? వందేండ్లకైన రాజు రాజే" అన్నాడు. సరే భుజకీర్తులు. తుపాకీ వద్దన్నాడు, గద చాలన్నాడు. సరే గద. హార్మోనియం మేస్త్రీ రాయచూరు వైపు మనిషి, మాటల్లో కన్నడం కలుస్తుంది. ఆయన సందేహం ఇంకా పెద్దది.

"మరమనిషి ఏ రాగంల బర్తడు?" అని అడిగాడు.

"మరమనిషికి రాగం ఉండదు మేస్త్రీ."

"యాకప్పా, రాగం లేకుంటె తెర ఎట్ల తీస్తరు?" అని హార్మోనియం మూసేశాడు.

నేను ఆయనకు భవిష్యత్తు గురించి అరగంట వివరించాను. ఆయన హార్మోనియం తెరవలేదు. పెద్దనాయనే ఒక కొయ్యముక్క తీసుకుని పీట మీద కొట్టాడు. టక్కు టక్కు మని మగ్గం పలక పడే చప్పుడు. "గీ సప్పుడుకు రమ్మను. మరమనిషంటె మరే గద. మనకు తెల్సిన మర గిదొక్కటే" అన్నాడు. అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే, ఏడుసార్లు చూసిన నాకు తట్టనిది ఒక్కసారీ చూడని ఆయనకు ఎట్లా తట్టిందా అని ఆశ్చర్యం వేస్తుంది.

మరమనిషి వేషం నాదే. నూనె డబ్బాలు కత్తిరించి చేతులకు, కాళ్లకు, ఒంటికి గొట్టాలు చేసుకున్నాను. తలకు పిండి డబ్బా, దానికి కళ్ల దగ్గర రెండు సందులు. బావ హీరో. చివరి రంగంలో హీరో మరమనిషి ఛాతీ తెరిచి, లోపలి మెదడును బయటికి లాగాలి. మరమనిషి చచ్చిపోతాడు. దాంతో నీళ్ల దొర పొగరు అణిగి వాడూ చచ్చిపోతాడు. ఇప్పుడు మెదడు ఎట్లా ఉండాలి అన్నది నా సమస్య. సినిమాలో వైర్లున్నాయి. మా దగ్గర వైర్లకు బదులు ఇంకా మంచిది ఉంది. మగ్గం మీద జకార్డు ఉంటుంది, దానికి అట్టలు ఉంటాయి. ఒక్కో అట్టకు రంధ్రాలు పొడుస్తారు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఆ అట్టలన్నీ వరుసగా తాడుతో కుట్టి మగ్గం నెత్తిన దండలాగా వేలాడదీస్తే, అవి ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ, ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెబుతాయి. మరకు హుకుం ఇచ్చేవి ఆ అట్టలే. మరమనిషికి కూడా అవే హుకుం ఇవ్వాలని నేను తీర్మానించాను. రిహార్సల్లో పాత పేపరు పట్టీలతో సరిపెట్టాం. అసలు ఆటకు మాత్రం అసలు అట్టలే కావాలనిపించింది.

అప్పుడు పెద్దనాయన మగ్గం మీద ఒక పెళ్లి చీర సగం దిగి ఉంది. అంచులో నెమళ్లు. ఆ నెమలి ఆయన సొంతం, వయసులో ఉన్నప్పుడు గళ్ల కాగితం మీద గీసుకుని, తానే అట్టలు పొడుచుకున్నది. ఆ కాగితాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. ఇక ఆ నెమలి లోకంలో రెండే చోట్ల ఉంది. ఒకటి ఆయన తల, రెండోది ఆ అట్టలు. అమావాస్య ముందురోజు ఆయనా పెద్దమ్మా అమరచింతకు బయలుదేరి వెళ్లారు. నేను ఆ పూటే మగ్గం మీది దండ విప్పాను. అమావాస్య నాడు ఎట్లాగూ మగ్గం ఆడదు, మర్నాడు ఆయన లేచేలోగా తిరిగి కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. కానీ ఆ అట్టలు నూనె మరకలతో, చేతి మురికితో పాతకాలం పంచాంగంలాగా ఉన్నాయి. భవిష్యత్తుకు అవి ఎంతమాత్రం పనికిరావు. అందుకని బీరువాలకు వేసే వెండి రంగును కిరోసిన్‌లో కలిపి రెండువైపులా పూశాను. తళతళ మెరిశాయి. ఒక్కో అట్ట మీదా పెద్దనాయన సిరాతో వేసుకున్న వరుస నంబరు ఉంటుందనీ, కిరోసిన్ తగిలితే ఆ సిరా కరిగి రంగులో కలిసిపోతుందనీ ఆ మెరుపులో నాకు కనిపించలేదు. తెలివైనవాడు తప్పు చేస్తే చిన్న తప్పు చేస్తాడు. నేను అప్పుడు నన్ను చాలా తెలివైనవాణ్ని అనుకుంటున్నాను.

మర్నాడు డబ్బాలన్నీ గోనెసంచిలో కట్టుకుని, పెబ్బేరు, ఆత్మకూరు మీదుగా చుట్టు తిరిగి అమరచింత చేరాను. నాలుగింటికి పందిరి నిండిపోయింది. ముందు వరుసలో మా పెద్దమ్మ, ఆమె పుట్టింటి వాళ్లు. మొదట సూత్రధారుడి మాటలు కూడా నావే. రాసుకున్నది గ్రాంథికంలో. (శాస్త్ర విషయం కదా, వ్యావహారికంలో చెబితే చులకన అవుతుందని భయం.) "ఓ సభాసదులారా, నూరు వత్సరముల పిమ్మట ఈ భూమండలమున జలము కరవగును. జనులు బిందెలు చేతబట్టి క్రోసుల కొలది నడచెదరు" అని మొదలుపెట్టాను. నేను అంచనా వేసిన ప్రకారం ఇక్కడ జనం భయంతో వణకాలి. ముందు వరుసలో ఒక ముసలమ్మ గడ్డం కింద చేయి పెట్టుకుని, "నూరేండ్లు ఎందుకు నాయినా? నేను పొద్దుగాల గట్లనే నడిశి తెచ్చిన" అంది. పందిరంతా నవ్వింది. ఆమెకు నిజంగానే సందేహం వచ్చినట్టుంది, మళ్లీ అడిగింది. "మరి గోడ లోపట నీళ్లు ఉన్నయంటివి?"

"ఉండును" అన్నాను.

"గట్లయితె నయమే. యాడనో ఒకకాడ ఉన్నయి గద."

ఇంగ్లీషు వాళ్లు అంత ఖర్చు పెట్టి భయపెట్టడానికి తీసిన భవిష్యత్తు, మా మెట్ట ఊళ్ల వాళ్లకు ఓదార్పుగా వినిపించింది. అక్కడి నుంచి నా పని అయిపోయింది. నేను లోపలికి పరుగెత్తి డబ్బాలు తొడుక్కుంటుంటే, బయట ప్రజలుగా వేషం కట్టినవాళ్లు నేను రాసిన నాలుగేసి నిమిషాల సంభాషణలు అప్పజెబుతున్నారు. పిండి డబ్బా సందుల్లోంచి చూశాను. వెనక వరుసలో ఒకాయన లేచి తువ్వాల దులుపుకున్నాడు. ఆయన పక్కాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒక్కో దులుపుకూ మద్రాసు బస్సు నాకు ఒక్కో ఊరు దూరమవుతోంది.

పెద్దనాయన తెరలోంచి వచ్చి గొంతెత్తాక కొంత నయమయింది. చెప్పులు వెతుక్కునే ఆయన మళ్లీ కూర్చున్నాడు. తరువాత టక్కు టక్కు మనే కొయ్య చప్పుడుకు నేను ప్రవేశించాను. ఆ చప్పుడు విని నేతవాళ్లందరూ ఒక్కసారి నిటారుగా కూర్చోవడం ఆ సందుల్లోంచే చూశాను. చైత్రమాసపు ఎండలో ఆ డబ్బాలు ఎంత కాలాయో చెప్పను. చెమట పట్టనివాడు నటుడు కాదన్న ఆయన మాట ప్రకారమైతే, ఆ రోజు నన్ను మించిన నటుడు జిల్లాలో లేడు. ఎట్లాగో చివరి రంగం దాకా వచ్చాం. బావ నా ఛాతీ మూత తెరిచాడు. రిహార్సల్లో అనుకున్నట్టు మెల్లగా లాగితే దండంతా పాములాగా బయటికి రావాలి. కానీ వనపర్తిలో బెత్తం పట్టుకుని చీకట్లో నిలబడే మనిషికి ఆ రోజు మొదటిసారి ముఖం మీద వెలుతురు పడింది, జనం ఈలలు వేశారు. ఒళ్లు మరిచి ఒక్క గుంజు గుంజాడు. కిరోసిన్‌కు మెత్తబడిన తాడు పటపటా తెగింది. వెండి అట్టలు గాలిలోకి లేచి వేదిక మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

ఒక అట్ట వెళ్లి పెద్దనాయన పాదం మీద పడింది. ఆయన అప్పుడు గద ఎత్తి, చావడానికి ముందు చెప్పాల్సిన మాట మొదలుపెట్టబోతున్నాడు. వంగి అట్ట తీసుకున్నాడు. బొటనవేలితో ఒక మూల తడిమాడు. అక్కడ ఎప్పుడో తప్పుగా పొడిచిన రంధ్రానికి ఆయనే కాగితం అతికించుకున్నాడు. గోరుతో వెండి రంగు గీకి నంబరు కోసం చూశాడు. నల్లటి మరక తప్ప ఏమీ లేదు. పడిపోయి చచ్చినట్టు నటిస్తున్న నా దగ్గరికి వచ్చి, పిండి డబ్బాకు నోరు ఆనించి మెల్లగా అడిగాడు.

"గివి యాడియిరా?"

"మన మగ్గానివే పెద్దనాయినా" అన్నాను డబ్బాలోంచి.

నేను దెబ్బకు సిద్ధమయ్యాను. ఆయన కొట్టలేదు. గద కింద పెట్టాడు. కిరీటం తీసి పక్కన పెట్టాడు. అన్ని భాగోతాల్లో, అన్ని ఊళ్లలో, ప్రాణం పోయే రంగంలో కూడా తీయని కిరీటం అది. ఆయన వేదిక మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కో అట్టా ఏరడం మొదలుపెట్టాడు. బావకు ఏం చేయాలో తోచలేదు. కత్తి పట్టుకుని దగ్గరికి వచ్చి, "మామా, సావాలె. నీ సావు వచ్చింది" అన్నాడు గుసగుసగా.

"ఆగురా. ఇప్పుడు సచ్చేటంత తీరిక లేదు" అన్నాడు పెద్దనాయన, గుసగుసగా కాదు, రాజు గొంతుతోనే. పందిరి చివరి దాకా వినిపించింది.

చెదిరినవి నలభై దాకా ఉంటాయి. ఆయన ఒక అట్ట మీద ఇంకో అట్ట ఆనించి, పడమటి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఒక అట్టకూ తరువాతి అట్టకూ ఒకటి రెండు రంధ్రాలే జరుగుతాయి. ఆ జరుగుడు చూసి వరుస పోల్చుకుంటున్నాడు. రంధ్రాల్లోంచి ఎండ ఆయన ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. మనసులో అనుకోవలసిన మాటలు అలవాటు కొద్దీ గొంతులోంచి వచ్చేస్తున్నాయి. "గిది కాలు. గిది రెండో కాలు. గిది కడుపు కింద. గిది రెక్క మొదలు... గాదు, రెక్క దీని ఎన్కకు వస్తది. గిది మెడ." హార్మోనియం మేస్త్రీ ఏమనుకున్నాడో, ఏ రాగమూ లేదన్న నా కథకు మెల్లగా ఒక రాగం ఎత్తుకున్నాడు. నేను నేల మీద పడి ఉన్నాను, కళ్ల ముందున్న రెండు సందుల్లోంచి ఆయన చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి ఒక్కో అట్ట అంచునూ తుడిచి తుడిచి పక్కన పెడుతున్నాయి. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

ముందు వరుసలోంచి ఆ ముసలమ్మ గొంతు వినిపించింది. "మర కడుపుల నెమలి ఉండెనంట, సూస్తివా" అని పక్కామెకు చెబుతోంది. ఆ మాట వరుస వెంట వరుస వెనక్కి పోయింది. లేచి నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. అప్పుడు మా పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి వేదిక ఎక్కింది. పందిరికి కట్టి మిగిలిన సుతిలి తాడు ఆమె చేతిలో ఉంది. "రాణొచ్చింది" అన్నారు జనం. రాణి రాజు ఎదురుగా కూర్చుని, ఆయన అందిస్తున్న అట్టల్ని వరుసగా కుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక్కసారి నా డబ్బా వైపు తిరిగి, "ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి" అంది. అది నాటకంలో మాటే అనుకుని జనం కళ్లు తుడుచుకున్నారు.

చివరి అట్ట చేరాక పెద్దనాయన ఆ దండను రెండు చేతులా ఎత్తి జనానికి చూపించాడు. తరువాత ఏం చెప్పాలో ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. "అయ్యా, గీ మర నాదే. దీన్ని జేసింది గూడ నేనే. సంపెటందుకు జెయ్యలే, నెమలి దింపెటందుకు జేసిన. నడుమల నాకు యాది లేకుండ పోయింది. గోడ తీస్తున్న. నీళ్లు పట్టుకపోండ్రి" అని కూర్చున్నాడు. నా కథలో నీళ్ల దొర చచ్చిపోతాడు. ఆయన కథలో బతికి, బుద్ధి తెచ్చుకుని, గోడ తీశాడు. మంగళారతి పాడే దాకా ఒక్కరూ లేవలేదు. పాడిన తరువాత కూడా కొందరు లేవలేదు.

గద్వాలకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఆ దండను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున దండను మగ్గానికి ఎక్కించి, ఒకచోట ఆగాడు. నెమలి తల మీది కుచ్చు దగ్గర ఒక అట్ట లేదు. అది డబ్బారేకుతో చేసుకున్న నా చెప్పు కింద పడి, మేకు గుచ్చుకుని చినిగిపోయి, చివరికి సంచిలో దొరికింది. ఆయన ఆ ముక్కలు నా చేతిలో పెట్టాడు.

"జనం కూసున్నరు. మాట మాటే. మద్రాసు పో" అన్నాడు.

"కూసున్నది నా కథకు గాదు పెద్దనాయినా" అన్నాను. ఆ మాట చెప్పడానికి రాత్రంతా సిద్ధపడ్డాను.

"నువ్వు అట్టలు దొంగతనం జెయ్యకుంటె నాకు గా కథ యాడిది?" అని నవ్వాడు. "ఒక్క పని జెయ్యి. గీ అట్ట చింపింది నువ్వు. కొత్తది పొడిశిపెట్టి పో."

ఒక్క అట్టే కదా అనుకున్నాను. కానీ ఆ ఒక్క అట్టలో ఎక్కడ రంధ్రం పొడవాలో తెలియాలంటే దానికి ముందుదీ తరువాతదీ తెలియాలి, వాటికి వాటి ముందువి తెలియాలి. అట్లా నెమలి కాలి దాకా దిగి, అక్కడి నుంచి కుచ్చు దాకా ఎక్కాను. మూడు రోజులు పట్టింది. పొడిచాక, అది సరిగ్గా దిగుతుందో లేదో చూడాలనిపించింది. ఆయన గుంతలోంచి లేచి నాకు చోటిచ్చాడు. నేను తొక్కిన పావుకు నేను పొడిచిన అట్ట తిరిగి, నెమలి నెత్తిన కుచ్చు లేచినప్పుడు, ఏడుసార్లు సినిమా చూసినప్పుడు కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. ఇది నిజం, నవ్వినా సరే.

"మరి బస్సు?" అన్నాడు పెద్దనాయన.

"ఈ చీర దిగినంక పోత" అన్నాను.

ఆయన బతికున్నంత కాలం, ఒక చీర దిగి ఇంకో చీర ఎక్కిన ప్రతిసారీ, "మద్రాసు బస్సుకు యాళ్ళయిందిరా" అనేవాడు. ఆయన లేడు. వీడియో సెంటరు లేదు, బావ ఇప్పుడు వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు, పాడైన ఫోను లోపల ఏముందో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. ఆ అట్టలు నా మగ్గం మీదే ఉన్నాయి, వెండి రంగు అక్కడక్కడ ఇంకా మెరుస్తుంది. మా అమ్మాయి కంప్యూటర్ల చదువు చదివింది. మొదట్లో కంప్యూటర్లకు కూడా ఇట్లాంటి రంధ్రాల అట్టలతోనే హుకుం ఇచ్చేవారని ఆమె చెప్పిన రోజు, నేను పెద్దనాయన ఫోటో ముందు నిలబడి కాసేపు కాలరు ఎగరేశాను.

మొన్న ఆమె నన్ను హైదరాబాదులో ఒక పెద్ద హాలుకు తీసుకెళ్లింది. మన తెలుగు సినిమానే. నల్లటి ఆకాశం, కూలిన మేడలు, గోడ లోపల నీళ్లు, కొండంత మరమనుషులు. మనవాళ్లు ఎంత బాగా తీశారో చూసి నిజంగా ఒళ్లు పులకరించింది, పక్కవాళ్లతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. చివర్లో హీరో ఆ మరమనిషి ఛాతీ చీల్చాడు. నేను కుర్చీలో ముందుకు వంగాను.

"ఏం జూస్తున్నవు నాయినా?" అంది మా అమ్మాయి.

"ఏం లేదు బిడ్డా" అన్నాను.

లోపల వైర్లున్నాయి, నీలం దీపాలున్నాయి. నెమలి లేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సిన మనిషి, ఈ చీర దిగినంక పోతానని, ఇంకా గద్వాలలోనే కూర్చున్నాడు.